నిప్పు పెట్టని రెండో డేగిసా

మా కంపెనీ కోరుట్ల చేరింది ఉదయం 6:10కి. నాలుగు ట్రక్కులు, ఒక జీపు, ఒక నీళ్ల ట్యాంకరు. బలం తొంభై ఆరు. ముందురోజు పట్టిన వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. ఊరి బయట మూతపడిన పత్తి మిల్లు మాకు క్యాంపు. రెండు రేకుల షెడ్లు, ఆరడుగుల ప్రహరీ, ఒకటే గేటు. నేల నల్లరేగడి. అడుగు వేస్తే కాలు బయటికి వస్తుంది, బూటు రాదు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు. బడులు లేవు. ఆఫీసులకు తాళాలు. మాది కేంద్రం దింపిన బలగం. పని బందోబస్తు. రోజూ ఉదయం 6:30కు ఒక ప్లటూను జగిత్యాలకు, ఇంకొకటి రుద్రంగి మీదుగా సిరిసిల్లకు పోవాలి. సాయంత్రం తిరిగి రావాలి. మనిషికి ఒక హెల్మెట్, ఒక డాలు, ఒక లాఠీ, ఒక నీళ్ల సీసా, మధ్యాహ్నానికి పూరీల ప్యాకెట్. రెండు ప్లటూన్లూ కలిపి అరవై రెండు మంది. మిగిలిన ముప్పై నాలుగు మంది కోరుట్లలో.

నేను మెస్ హవల్దారును. ఎల్లారెడ్డిపేట దగ్గరి పల్లె నాది. ఇరవై ఏళ్ల సర్వీసులో సొంత జిల్లాలో డ్యూటీ పడింది ఆ ఒక్కసారే.

ఇది కోరుట్ల వాళ్లు చదవాలి. చాంద్‌బీ అనే వంటమనిషి పోలీసు క్యాంపులో బియ్యం దొంగతనం చేసి దొరికిందని మీ ఊళ్లో అందరికీ తెలుసు. ఆ సంగతి పుట్టించింది నేను. అది అబద్ధం. ఏ రోజు ఏం జరిగిందో, ఏ గంటకు జరిగిందో రాస్తున్నాను.

మొదటి రోజే కంపెనీ కమాండర్ సాబ్ ఆర్డరు ఇచ్చాడు. మధ్యాహ్నం వంట తొంభై ఆరు మందికీ జరగాలి. బయటికి పోయినవాళ్లు ఎప్పుడు వాపసు వస్తారో తెలియదు. జవాను ఖాళీ ప్లేటు పట్టుకుని నిలబడకూడదు. మిగిలింది షెడ్డు వెనక గుంతలో పోయాలి. బయటివాళ్లెవరికీ ఇవ్వకూడదు. తిని ఎవరికైనా వాంతులైతే మన మీదికి వస్తుంది. గుంతలో పోశాక పైన ఫినాయిల్ పోయాలి, కుక్కలు రాకుండా.

మనుషులు రాకుండా అని ఆయన అనలేదు. అది నాకు చెప్పకుండానే అర్థమైంది.

మా కుక్ ఒక్కడే. జ్వరంతో దిగాడు. ఊళ్లో వంటమనిషి కావాలంటే చాంద్‌బీని చూపించారు. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. కోరుట్ల చుట్టుపక్కల పెళ్లిళ్లకు, పురిటి ఛల్లాలకు, దర్గా పండుగలకు ముప్పై ఏళ్లుగా వండిన చేయి. సమ్మెతో పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, అందుకని మా దగ్గరికి వచ్చింది. మొదటి రెండు రోజులు వండి పోయింది. మూడో రోజు గుంత దగ్గర నేను ఫినాయిల్ డబ్బా వంచుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

"ఏంది సాబ్ గిది? బువ్వకు మందు గొడ్తున్నవా?"

"ఆర్డరు."

"పగటి బువ్వకు నేను కడిగిన ప్లేట్లు ముప్పై నాలుగు. తొంభై ఆరు మందికి బియ్యం కొలిచి ఇస్తున్నవ్. గా అరవై రెండు మంది ఏడున్నరు? గుంతల ఉన్నరా?"

నేను కోపం తెచ్చుకున్నాను. తప్పులో పట్టుబడ్డవాడికి ముందుగా వచ్చేది అదే. "నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

"నా పని గిదే సాబ్. నేను వండిన బువ్వ గిది."

గుంతలో రోజుకు పది కిలోల బియ్యపు అన్నం పడేది. పప్పు వేరే. తెల్లటి అన్నం మీద తెల్లటి ఫినాయిల్ పడితే రంగు మారదు, వాసన మారుతుంది. గాలి ఊరివైపు తిరిగిన రోజున ప్రహరీ అవతలి నుంచి ఒక ముసలాయన గొంతు వినిపించేది. "మా పనులు బందు వడి మేం పస్తులుంటే, మీరు బువ్వను బొంద వెడ్తున్నరా? మీ కడుపులు గాల!" సిరిసిల్ల నుంచి తిరిగొచ్చిన మా జవాన్లు అక్కడ మగ్గాలు ఆగిపోయాయని, కొన్ని ఇళ్లలో ఒకపూటే పొయ్యి వెలుగుతోందని చెప్పుకునేవాళ్లు. చెప్పుకుంటూనే సగం ప్లేటు వదిలేసి లేచేవాళ్లు. వాళ్లు వదిలింది గుప్పెడు. నేను పారేసింది పెద్ద వంట గిన్నెలు, డేగిసాలకు డేగిసాలు.

అయిదో రోజు చాంద్‌బీ తన పద్ధతి చెప్పింది. పెళ్లి వంటల్లో ఆమె గురువు నేర్పిన పద్ధతి అట.

"రెండు డేగిసాలు వెట్టు సాబ్. మొదటిది ఇక్కడ ఉన్నోళ్లకు, నలభై మందికి. దాన్ని వండుదాం. రెండోదాన్ల ఎసరు వోసి, బియ్యం పక్కన నానవెట్టి, పొయ్యిల కట్టెలు పేర్చి వెడ్దాం. మూత మీద అగ్గిపెట్టె. గంతే. నిప్పు వెట్టద్దు. మనుషులు అస్తున్నరని ఎర్కైనంక వెడ్దాం. నిప్పు వెట్టినంక అర్ధగంటల బువ్వ."

"వాళ్లు రాకపోతే?"

"నానిన బియ్యం రాత్రి వంటకు పనికస్తయ్. నానిన బియ్యం చెడదు సాబ్. వండిన బువ్వనే చెడ్తది. గీ తెలివి పెండ్లిల్లోళ్లకు జెప్తే నన్ను పిసినారిదంటరు. నువ్వన్న ఇను."

నేను లెక్క వేసి చూశాను. జగిత్యాల నుంచి ట్రక్కు కోరుట్ల రావడానికి యాభై నిమిషాలు. బయల్దేరే ముందు వైర్‌లెస్‌లో చెప్పే తీరుతారు. అన్నానికి ముప్పై నిమిషాలు. ఇరవై నిమిషాలు మన చేతిలో ఉంటాయి. సిరిసిల్ల అయితే ఇంకా ఎక్కువ. ఎటు చూసినా లోటు లేదు. కమాండర్ సాబ్‌కు చెప్పాను. ఆయన పేపరు మడిచి నావైపు చూశాడు. "కరో. లేకిన్ జిమ్మేదారీ తుమ్హారీ." చెయ్యి, కాని బాధ్యత నీది అని.

తొమ్మిది రోజులు గుంతలో మెతుకు పడలేదు. ఫినాయిల్ డబ్బా మూత తియ్యలేదు. ఆ తొమ్మిది రోజుల్లో రెండుసార్లు ప్లటూన్లు మధ్యాహ్నమే తిరిగివచ్చాయి. రెండుసార్లూ వైర్‌లెస్ మెసేజ్ రాగానే నేను షెడ్డు చివరికి పోయి "చాంద్‌బీ, వెలిగించు" అన్నాను. ట్రక్కు గేటు దాటేసరికి అన్నం దించేది.

ఇంకో సంగతి. డేగిసా అడుగున మాడు పట్టేది. మా కుక్ అయితే దాన్ని గీకి పారేసేవాడు. చాంద్‌బీ నన్ను అడిగింది. "మాడు తీస్కపోనా సాబ్? ఎండవెడితే వడియం లెక్క కరకరలాడ్తది. బెల్లం పొడి సల్లి మనుమలకు వెడ్త." తీసుకుపొమ్మన్నాను. నా నోటితో నేనే అన్నాను. రోజూ స్టీలు డబ్బాలో మాడు వేసుకుని నా ముందు నుంచే గేటు దాటేది.

ఆ పద్ధతి మొదలైన పదో రోజు.

మా అక్కను కోరుట్లలో ఇచ్చారు. నేను వచ్చినప్పటి నుంచి కబురు పెడుతూనే ఉంది. క్యాంపు దాటడానికి అనుమతి లేదు. ఆ రోజు ఆదివారం, మటన్ తెచ్చామని బావ బండి వేసుకుని గేటుకు కొంచెం దూరంలో నిలబడ్డాడు. గేటు దగ్గర సెంట్రీకి సైగ చేశాను. అతను మొహం అటు తిప్పుకున్నాడు.

సమయం 12:50. గేటు దాటబోతుంటే వైర్‌లెస్ ఆపరేటర్ షెడ్డులోంచి పరుగెత్తుకు వచ్చి చేతిలో చీటీ పెట్టాడు. "జగిత్యాల ప్లటూన్ ఒంటిగంటకు బయల్దేరుతోంది. పూరీలు వానకు తడిసిపోయాయట. ముప్పై ఒక్క ప్లేట్లు."

వంట పొయ్యిలు షెడ్డు ఆ చివర. నూట యాభై అడుగులు. పోయి ఒక మాట చెప్పి రావాలి. బావ బండి స్టార్టు చేసి ఉంది. అటు పోతే కమాండర్ సాబ్ టేబుల్ ముందు నుంచి పోవాలి, ఆయన చూస్తే ఏదో ఒక పని చెబుతాడు. ఇల్లు ఊరి మొదట్లోనే కదా, పది నిమిషాల్లో వచ్చి చెబుతాననుకున్నాను. చీటీ జేబులో పెట్టుకున్నాను.

అక్క ప్లేటు నింపింది. "ఇంకింత ఏస్కో తమ్మీ. క్యాంపుల ఏం దొరుకుతది, గడ్డి."

"చాలు అక్కా."

"చాలంటే ఎట్ల? పోలీసైనంక అక్క చెయ్యి చేదైందా?" అని ఇంకో గరిటె వేసింది. తినలేకపోయాను. సగం మటన్, పిడికెడు అన్నం ప్లేటులో వదిలి చెయ్యి కడిగాను. వెనక పెరట్లో అక్క దాన్ని దులిపేసింది. ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు. పది నిమిషాలు అనుకున్నది డెబ్భై అయిదు నిమిషాలైంది.

నేను వెనక ప్రహరీ దూకి లోపలికి వచ్చినప్పుడు సమయం 2:05. ట్రక్కు 1:50కే వచ్చిందట. ముప్పై ఒక్క మంది తడి బట్టలతో, ప్లేట్లు పట్టుకుని వరసలో ఉన్నారు. మొదటి డేగిసా ఖాళీ. చాంద్‌బీ ట్రక్కును చూడగానే రెండో దానికి నిప్పు పెట్టింది. కట్టెలు వాన గాలికి చెమ్మగిల్లి పొగ పెడుతున్నాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని గొట్టంతో ఊదుతోంది. కళ్ల నిండా నీళ్లు. ఇంకో పది, పదిహేను నిమిషాలైతే అందరూ తినేవాళ్లు. జరిగిన నష్టం అంతే. పదిహేను నిమిషాల ఆకలి.

కమాండర్ సాబ్ పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. "హవల్దార్! ఖానా కహాఁ హై?" తిండి ఏదని.

నిజం చెప్పాలంటే చీటీ అందిందని చెప్పాలి. చీటీ అందిందంటే ఎక్కడున్నావని అడుగుతాడు. డ్యూటీలో ఉండి క్యాంపు దాటితే చేతి మీది హవల్దారు పట్టీ ఊడుతుంది. ఆ ఏడే నాకు ప్రమోషన్ రావాల్సి ఉంది. నేను ఆలోచించింది ఎంతసేపో నాకు తెలుసు. ఊపిరి తీసుకుని వదిలినంతసేపు.

"బియ్యం తక్కువ పడ్డాయి సార్, అందుకే ఆలస్యం. ఈమె రోజూ డబ్బా నింపుకుని పోతోంది."

గొట్టం ఊదడం ఆగింది.

సెంట్రీ డబ్బా తెచ్చి కమాండర్ ముందు మూత తీశాడు. అందులో మాడు ఉంది. ఎర్రగా, పలకలు పలకలుగా. బియ్యపు గింజ ఒక్కటి లేదు. అయినా అది క్యాంపు గింజే కదా. వరసలో నిలబడ్డ ఆకలి కడుపులకు అది చాలు. ఎవరో ఈల వేశారు. ఎవరో "చోర్" అన్నారు.

చాంద్‌బీ కమాండర్ వైపు చూడలేదు. నావైపే చూసింది.

"జెప్పు సాబ్. నువ్వే తీస్కపొమ్మన్నవ్ గదా."

"నాకు తెల్వది" అన్నాను.

ఇరవై ఏళ్లుగా క్యాంపుల్లో హిందీ మాట్లాడినవాణ్ణి. ఆ అబద్ధం మాత్రం మా అమ్మ నేర్పిన మాటలో చెప్పాను.

వైర్‌లెస్ ఆపరేటర్ దూరంగా నిలబడి విన్నాడు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి తక్కువ గొంతుతో అడిగాడు. "ఉస్తాద్, చీటీ ఇచ్చాను కదా?" నేను "అవును, వదిలెయ్" అన్నాను. వదిలేశాడు. చీటీ అప్పటికే పొయ్యిలో కాలిపోయింది. వేసింది నేనే.

ఆమెను గేటు బయటికి పంపారు. కేసు పెట్టలేదు. అదే మేలు చేసినట్టు కమాండర్ సాబ్ అన్నాడు. కూరగాయలు తెచ్చే బండివాడు గేటు దగ్గరే ఉన్నాడు. చీకటి పడకముందే కోరుట్లంతా తెలిసిపోయింది. మరునాడు ఉదయం 9 గంటలకు సెంట్రీ వచ్చి, "ఆమె వచ్చింది, మీతో మాట్లాడాలట" అన్నాడు. లేనని చెప్పమన్నాను. ఆ తర్వాతి రోజు కూడా వచ్చింది. ఆ తర్వాత రాలేదు.

జ్వరం తగ్గిన మా కుక్ చేతిలో వంట మళ్లీ తొంభై ఆరుకు మారింది. గుంత నిండింది. పక్కన ఇంకోటి తవ్వాం. మేము అక్కడున్న మిగతా ఇరవై ఎనిమిది రోజులూ నేనే నిలబడి ఫినాయిల్ పోయించాను. ఒక ముసలి వంటమనిషి కట్టెలు పేర్చి, అగ్గిపెట్టె మూత మీద పెట్టి ఆపగలిగిన పనిని, తొంభై ఆరు యూనిఫాంలు మళ్లీ మొదలుపెట్టాయి. ఆ వాసన ఈరోజుకీ ఏ ఆసుపత్రి వరండాలో తగిలినా నాకు అన్నం గుర్తొస్తుంది.

మేం సర్దుకున్నది నవంబరు చలి మొదలైనప్పుడు. ట్రక్కులు ఉదయం 5:30కు కదిలాయి. ప్రమోషన్ వచ్చింది. ఇంకో రెండు రాష్ట్రాలు తిరిగాను. రిటైరై ఇంటికి వచ్చేసరికి మా రాష్ట్రం వచ్చి ఏళ్లైంది. ఎల్లారెడ్డిపేట రోడ్డు మీదే మూడు ఫంక్షన్ హాళ్లు లేచాయి. ఇప్పుడు ప్రతి పెళ్లికీ పిలుస్తారు, పోతాను. వంటవాణ్ణి ఎంతమందికి వండావని అడుగుతాను. "వెయ్యి మందికి సార్." వచ్చింది ఎంతమంది? "ఏమో సార్, ఆరేడు వందలుంటరు." మిగిలిన మూడు వందల మంది తిండి హాలు వెనక మురికి కాలువలో తేలుతుంది, బిర్యానీ మీద ప్లాస్టిక్ గ్లాసులు. పెళ్లి కొడుకు తండ్రి మీసం మీద చెయ్యి వేసి "కొదవ లేకుండ వెట్టినం" అంటాడు. కొదవ లేకపోవడం అంటే పారేయడమా? మీకు ఏ కమాండరు ఆర్డరు ఇచ్చాడు? మీ నెత్తి మీద ఏ వైర్‌లెస్ మోగుతోంది? రెండో డేగిసాకు నిప్పు ఆలస్యంగా పెడితే మీ పరువులో ఏం మాడుతుంది? ఇదే మాట మా బావ బంధువుల పెళ్లిలో గట్టిగా అడిగాను. "పోలీసు బుద్ధి పోనిచ్చుకోలేదు" అని నవ్వారు. అక్క నన్ను పక్కకు లాక్కుపోయింది.

పోయిన ఏడు కోరుట్ల పోయి చాంద్‌బీ ఇల్లు వెతికాను. లేదు. పెళ్లి వంటలకు ఎవరూ పిలవక, కూతురి దగ్గరికి సిరిసిల్ల వెళ్లిపోయిందని చెప్పారు. చెప్పినవాళ్లు "గా బియ్యం దొంగేనా?" అని అడిగి మరీ చెప్పారు. సిరిసిల్లలో కూతురు దొరికింది. మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుడుతుంది. చాంద్‌బీ చనిపోయి మూడేళ్లైందట.

నేను ఎవరినో చెప్పాను. నిలబడే మొత్తం చెప్పాను. చీటీ, అక్క ఇల్లు, మాడు, అన్నీ. ఆమె కండె చుట్టడం ఆపకుండానే విన్నది.

"మా అమ్మ దొంగ కాదని నాకు ఎర్కలేదా? నాకెందుకు జెప్తున్నవ్?"

"క్షమించమని..."

"నేనేం మాఫ్ జెయ్య. నా పేరు వోయిందా? కోరుట్లల జెప్పు. ఎవరి నోట్ల వెట్టినవో గా నోట్లెకెళ్లి తియ్యి."

అందుకే ఇది. నేను చెప్పింది అబద్ధం. చాంద్‌బీ మా బియ్యం ముట్టలేదు. మా అన్నాన్ని గుంతలో పడకుండా తొమ్మిది రోజులు కాపాడింది ఆమె ఒక్కతే.

ఒకటి వరసలో చెప్పకుండా దాటేశాను. చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తాను.

ఆమెను పంపేసిన రెండు వారాలకు కోరుట్ల మెయిన్ రోడ్డు మీద నిరసనగా వంటా వార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా అయిదు పొయ్యిలు. ఇంటింటికీ పిడికెడు అడిగి తెచ్చిన బియ్యం, బస్తాల్లో నాలుగు రకాలు కలిసిపోయి ఉన్నాయి. ఆ రోజు మెస్‌వాళ్లనూ వరసలోకి దింపారు. మాకు ఆర్డరు నిలబడమని మాత్రమే. నేను పొయ్యిలకు పది అడుగుల దూరంలో, డాలు, లాఠీతో ఉన్నాను. ఉదయం 11:20. చాంద్‌బీ వచ్చింది. కొంగు నడుముకు చుట్టి నేరుగా పొయ్యి దగ్గరికి పోయింది.

"ఎంతమంది తింటరు? లెక్క జెప్పున్రి. మబ్బు వట్టింది. సగం బియ్యం నానవెట్టి ఉంచుదాం."

ఒక ఆడమనిషి ఆమె చేతిలోంచి గరిటె లాక్కుంది. "నువ్వు ముట్టకు చాంద్‌బీ. గివి పోలీసోళ్ల బియ్యం గావు, ఇండ్లిండ్ల బియ్యం."

"బస్తాకు తాళమెయ్యున్రి రా" అని వెనక ఎవరో. నలుగురు నవ్వారు.

పది అడుగులు. నోరు తెరిస్తే వినబడే దూరం. తెరవలేదు.

ఆమె రోడ్డు పక్కకు పోయి మూసి ఉన్న కొట్టు అరుగు మీద కూర్చుంది. అయిదు డేగిసాలూ ఒకేసారి ఎక్కించారు. మధ్యాహ్నం 2:15కు వాన దంచింది. జనం చెదిరిపోయారు. మూడు డేగిసాల అన్నం ఎవరూ ముట్టకుండా మిగిలింది. వాన తెరిపి ఇచ్చాక, వాన నీళ్లు పడ్డ అన్నం ఎవరు తింటారని రోడ్డు పక్కన బోర్లించారు. తెల్లటి కుప్ప, ఆవిరి లేస్తూ ఉంది.

చాంద్‌బీ లేచి వచ్చింది. కుప్ప పక్కన కూర్చుని, మట్టి అంటని పై అన్నాన్ని రెండు చేతులతో మెల్లగా కొంగులోకి తీసుకోవడం మొదలుపెట్టింది. మూడు దోసిళ్లు తీసిందో లేదో, పొయ్యిల రాళ్లు తీస్తున్నవాడొకడు అరిచాడు. "సూడున్రి, మల్ల ఎత్తుకపోతుంది!"

ఆమె ఆగింది. కొంగు విప్పి అన్నం మళ్లీ కుప్ప మీద వదిలింది. లేచి నిలబడి రెండు అరచేతులూ పైకి ఎత్తింది. ముందు వాడికి చూపించింది. తర్వాత రోడ్డుకు. తర్వాత మెల్లగా తిరిగి మా వరసకు, నాకు. వానకు తడిసిన అరచేతులు. వాటికి అక్కడక్కడా మెతుకులు అంటుకుని ఉన్నాయి. వేళ్లు బాగా చాపింది, ఏమీ దాచలేదని తెలిసేలా.